చుట్టరికమును సెల్‌ఫోనును



ఈ సమ్మేళనమునందు మమ్ము నొక ఉపన్యాసము చేయుడని కోరుచు కార్యవర్గమువారు విషయమును మా యిష్టమునకే విడిచిరి. మావంటి పదవీవిరమణము చేసిన ఉపాధ్యాయులకు విద్యాభివృద్ధి యనియో, యువజనుల కర్తవ్యమనియో ఒక విషయము నిచ్చి నిలువబెట్టుట వాడుక. ఈ యేడు మాకు స్వేచ్ఛ లభించినది. కావున ఈ పందిటిలో నున్న మీ యందఱి జేబులలోను, చేతిసంచులలోను, పెద్దమ్మల కొంగుముడులలోను ఇప్పుడున్న వస్తువును గూర్చియే మాటలాడ దలచితిమి. పండితులు దానికి చరవాణి యని పేరిడిరి. మంచి సమాసమే. కాని జనులు దానిని తొలినుండియు సెల్లు అనియే పిలుచుచున్నారు. జనులు పిలుచునదే పేరు గనుక మేమును సెల్‌ఫోను అనియే అందుము.

ఈ విషయము నెత్తుకొనుటకు తక్షణమైన కారణ మొకటి కలదు. రేపటి సర్వసభ్య సమావేశమునకు ఒక తీర్మానము రానున్నది. ఇకమీదట సమ్మేళనపు ఆహ్వానపత్రములను అచ్చు వేయించి టపాలో పంపుటయు, కార్యకర్తలు ఊరూర తిరిగి ఇండ్లకు పోయి పిలుచుటయు మాని, సంఘపు వాట్సాప్ గ్రూపులో ఒక్క సందేశము పెట్టి సరిపుచ్చవలెనని ఆ తీర్మానపు సారాంశము. ఖర్చు తగ్గుననుట నిజము. కోశాధికారి గారి లెక్కలో దోషము లేదు. ఐనను ఆ లెక్కలోనికి ఎక్కని పద్దులు కొన్ని కలవు. వానిని మీ ముందుంచుట మా యుద్దేశము.

ముందుగా ఆ యంత్రము చేసిన మేలు చెప్పవలెను. మేలు దాచి కీడు మాత్రమే చెప్పువాని మాట ఎవరును వినరు, వినగూడదు కూడ.

మన దేశమున తొలి సెల్‌ఫోను సంభాషణము 1995వ సంవత్సరము జూలై 31వ తేదీన జరిగెను. కలకత్తా నుండి నాటి పశ్చిమ వంగ ముఖ్యమంత్రి జ్యోతి బసు గారు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్ గారితో మాటలాడిరి. ఆ దినములలో మాటలాడినవానికే గాక వినినవానికిని రుసుము పడెడిది. నిమిషమునకు పదునారు రూపాయల వఱకు పోయెడిది. విన్నందుకు రుసుము పుచ్చుకొను పద్ధతి మా వృత్తిలో నుండినచో మే మీపాటికి ధనవంతులమై యుందుము. 2003వ సంవత్సరమున ఆ రుసుము తొలగెను. అటుపిమ్మటనే ఈ యంత్రము ధనికుల చేతినుండి కూలివాని చేతికి దిగినది. 2016వ సంవత్సరమున జియో వచ్చిన పిమ్మట దత్తాంశపు ధరయు పడిపోయి, మాటకు తోడు బొమ్మయు ఆ చేతికే వచ్చినది.

దానికి ముందున్న స్థితి మీలో నలుబది దాటినవారికి జ్ఞాపక ముండును. వీథిమొగమున పసుపుపచ్చని బోర్డు, అద్దముల గది, లోపల పరుగులిడు ఎఱ్ఱని అంకెలు. రాత్రి ప్రొద్దుపోయిన పిదప రుసుము తగ్గునని భోజనములైన తరువాత జనము ఎస్.టి.డి. బూతు ముందు వరుసకట్టెడివారు. కడప మండలమునుండి, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి, కోనసీమనుండి కువైటు మొదలగు దేశములకు కూలికి పోయినవారి భార్యలును, తల్లులును, తల్లులను విడిచిన బిడ్డలును ఆ వరుసలో నిలువబడుట మేము చూచితిమి. బూతు యజమాని చెవులు మూసికొనడు. వెనుకనున్నవారు తొందరపెట్టుదురు. అంకెలు పరుగెత్తుచుండగా ఏడ్చుటకు సైతము ధర యుండెడిది. కొందఱు మాటలను క్యాసెట్టులో నింపి, సెలవుపై వచ్చి పోవువారి చేతికిచ్చి పంపుచుండిరి. నేడు ఆ తల్లి వంటచేయుచునే ఫోనును డబ్బాకు ఆనించి కొడుకు మొగము చూచుచున్నది. ఈ మేలును తూచుటకు మా యొద్ద త్రాసు లేదు.

అత్తవారింట అడుగిడిన కోడలు సంగతియు నట్టిదే. మా తల్లుల కాలమున ఆమె పుట్టినింటికి కష్టము తెలుపవలెనన్నచో కార్డు ఇంకొకరిచే వ్రాయింపవలెను. వ్రాయువాడు అత్తగారి మనిషియే యగును. మేము కొలువు చేసిన పల్లెలలో ఇట్టి కార్డులు చాల వ్రాసితిమి. అందఱును క్షేమమని తక్క వేఱొక వాక్యము వ్రాయించిన కోడలిని మే మెరుగము. నేడు ఆమె పెరటిలోనికి పోయి తల్లితో నిజము చెప్పుకొనగలదు.

బంధువులకే గాక అపరిచితులకును దీనివలన సంబంధము కుదిరినది. 1997 మొదలు 2001 వఱకు ఉత్తర కేరళపు తీరమున సెల్‌ఫోను క్రమముగా వ్యాపించినప్పుడు ఏమి జరిగెనో రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు పరిశీలించి 2007లో ప్రకటించెను. అంతకు ముందు ఒక రేవున చేపలు మిక్కుటమై కొనువారు లేక పారవేయుచుండగా, సమీపపు రేవున కొనువారు చేపలు లేక మరలిపోవుచుండిరట. పడవలోని జాలరి కడలిపైనుండియే ధర కనుగొనుట నేర్చిన పిదప ఆ నష్టము తొలగెను. జాలరుల లాభము నూటికి ఎనిమిది వంతున పెరిగెను, కొనువారికి ధర నూటికి నాలుగు వంతున తగ్గెను. ఇరుపక్షములును సుఖపడిన బేరము లోకమున అరుదు.

ఇక రెండవ ప్రక్కకు వత్తము.

ఎస్.టి.డి. బూతుతోపాటే ఇంకొక యేర్పాటు అంతరించినది. దానిని గూర్చి ఎవరును విచారింపరు గనుక మేము విచారింతుము. అదియే పి.పి. నంబరు. వీథికొక ఇంట ఫోను ఉండెడి దినములలో, ఫోను లేనివారు తమ ఉత్తరములపై పొరుగింటి నంబరు వ్రాసి ప్రక్కన పి.పి. అని గుర్తు వేసెడివారు. దూరమునుండి పిలుపు రాగా, ఆ ఇంటి పిల్లవాడు పరుగున పోయి పొరుగువారిని తోడి తెచ్చెడివాడు. వచ్చినామె చేయి తుడిచికొనుచు వారి వసారాలో నిలిచి మాటలాడును. మంచివార్త యైనచో ఆ యింటివారు ముందు వినిరి. చెడువార్త యైనచో ఆ యింటివారే మంచినీరిచ్చి కూర్చుండబెట్టిరి. ఆ యిల్లు ఏ కులమువారిదో ఎవరును చూడలేదు. ఫోనున్న యిల్లు ఏదో అదియే చూచిరి. కొందఱు విసుగుకొనిరి; నిజమే. అర్ధరాత్రి పరుగెత్తుట ఎవరికి రుచించును? ఐనను ఒక యంత్రమునకు వీథియంతయు ఋణపడి యుండుట వలన, వీథిలోనివారు ఒకరికొకరు ఋణపడి యుండిరి. ఎవరి యంత్రము వారికి రాగా ఋణము తీరినది. ఋణముతోడనే రాకపోకలును తీరినవి.

యంత్రము సొంతమైన కొలది మనుష్యుడు ఏకాంతవాసి యగుననుట క్రొత్త సంగతి కాదు. జపానునందు సోనీవారు 1979వ సంవత్సరము జూలై 1వ తేదీన వాక్‌మన్ అను చిన్న పాటల పెట్టెను విక్రయమునకు పెట్టిరి. ఆ సంస్థ పెద్దయగు అకియో మొరిటా గారికి ఒక విచార ముండెనట. నలుగురిలో నుండి ఒక్కడే చెవులకు తగిలించుకొని వినుట అమర్యాద కాదా యని. అందుచే మొదటి పెట్టెకు ఇద్దఱు వినుటకు వీలుగా రెండు రంధ్రములుంచిరి. వినుచున్న ఇద్దఱును తమలో మాటలాడుకొనుటకు ఒక నారింజరంగు మీటయు నుంచిరి. దానిని నొక్కినచో పాట తగ్గి ఎదుటివాని మాట వినవచ్చును. ఎంత మర్యాదగల యంత్రము! కాని కొన్నవారు దానిని పంచుకొనుటకు కొనలేదు. ఎవరిది వారికి కావలసి వచ్చెను. తరువాతి నమూనాలలో ఆ మీట తీసివేయబడెను. చేసినవాడు మర్యాద నుంచినను కొన్నవాడు దానిని అక్కఱలేదనెను. కావున యంత్రమును నిందించుటలో మాకు విశ్వాసము తక్కువ.

సెల్‌ఫోను వినిపించుటతో తృప్తిపడలేదు. కన్నును కూడ కోరినది. ఎదురుగా మనిషి యుండగా క్రిందికి చూచి ఫోనుతో కాలక్షేపము చేయుటకు 2012లో ఆంగ్లమునందు ఒక మాటనే పుట్టించిరి. దానిని ఫబ్బింగు అందురు. ఆ సంవత్సరముననే ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయ పండితు లిద్దఱు, బల్లపై ఫోను ఊరక పడియున్నంతమాత్రమున మాటలాడుకొను ఇద్దఱి నడుమ దగ్గఱితనము తగ్గుచున్నదని ప్రకటించిరి. పిదప ఇతరులు పరీక్షింపగా ఆ ఫలితము రాలేదు. ఆ మాట ఇందుకు చెప్పుచున్నాము: ఫోనును గూర్చి భయపెట్టు వార్త ఏది వచ్చినను వేదవాక్యముగా గ్రహించి గ్రూపులలో త్రిప్పు పెద్దలు మనలో కలరు. కెనడాలోని వాంకూవరునందు ఒక భోజనశాలలో మూడువందలకు పైగా మనుష్యులపై జరిపి 2018లో ప్రకటించిన పరీక్ష కొంత నమ్మదగినది. స్నేహితులతో, ఇంటివారితో తినునప్పుడు ఫోను బల్లపై నుంచుకొన్నవారు పరధ్యానము చెంది, కొంచెము తక్కువ సంతోషించిరి. కొంచెమే. ఆ కొంచెమునకే మన యిండ్లలో ప్రతిదినము రెండు భోజనములు గలవని మాత్రము గుర్తు చేయుదుము.

ఇచ్చట మా పాత విద్యను కొంచెము చూపుటకు అనుమతింపుడు. బంధువను శబ్దమునకు కట్టుట యను అర్థముగల ధాతువే మూలము. కట్టుబడినవాడు బంధువు. ఎఱిగినవాడెల్ల బంధువు కాడు. మన తెలుగు చుట్టము మాటకు చుట్టుతో పొత్తు కలదని మాకు తోచును. చుట్టును ఉండువాడు చుట్టము. అమరకోశమున ఇంకొక చమత్కారము కలదు. పశువుల గుంపునకు సమజమనియు, ఇతరుల గుంపునకు సమాజమనియు అమరసింహుడు పేర్లు వేఱుచేసెను. ఒక్క దీర్ఘమే భేదము. ఆ దీర్ఘము ఎచ్చట నున్నదో పరికించుటకు మే మప్పుడప్పుడు మన సంఘపు గ్రూపును తెఱచి చూచుచుందుము.

2022వ సంవత్సరమునుండి ఒక గ్రూపున 1024 మంది వఱకు ఉండవచ్చును. మన మొదటి గ్రూపు నిండి రెండవది నడుచుచున్నది. తెల్లవాఱుటతో పువ్వులు, దీపములు, సూర్యోదయములు, శుభోదయములు. వధూవరుల వివరములు, ఉద్యోగప్రకటనలు, ఇవి ఉపయోగకరములే. నెత్తుటి దానము కావలెనని ఒక అర్ధరాత్రి అడిగిన వారికి తెల్లవాఱక మునుపే మువ్వురు మనవారు ఆసుపత్రికి పోయి ఇచ్చిరి. దీనిని మఱువరాదు.

కాని గడచిన వర్షకాలమున మన పెద్దలలో ఒకరు పట్టణమున తమ యింట ఒంటరిగా కాలధర్మము నొందిరి. ఈ సంఘమునకు మొదటి భవనము కట్టునప్పుడు ఇటుకబండి వెంట నడచినవారు. వారి ఛాయాచిత్రముతో వార్త ఉదయము గ్రూపునందు పెట్టబడెను. అది శుభోదయముల వేళ. వరుసగా జోడించిన చేతుల బొమ్మలు వచ్చెను. కొందఱు అలవాటుకొలది బొటనవ్రేలి బొమ్మ పెట్టిరి. ఒకరు వార్త చదువక చిత్రము మాత్రము చూచి జన్మదిన శుభాకాంక్షలు తెలిపిరి. మఱి ఇద్దఱు వారి ననుసరించి తామును తెలిపిరి. పది గంటలకు వేఱొకరు పులిహోర చేయు విధమును పెట్టగా వార్త పైకి జరిగి మరుగయ్యెను.

మధ్యాహ్నమునకు మేము పోవునప్పటికి ఆ యింటిముందు మనవారు ముగ్గురు. సోదరుని కుమారుడు, ఒక పాత సహోద్యోగి, మేము. నలుగురు అను మాటను మన భాష ఊరక పుట్టించలేదు. నలుగురి మాట, నలుగురిలో మర్యాద యని అనుచుందుము. తుదకు ఆ నలుగురు మోయుటకు కావలెను. మాకు నాలుగవ భుజము లేకుండెను. ప్రక్కయింటి మోటారు మరమ్మతు దుకాణమువారు పని నిలిపి చేతులు కడుగుకొని వచ్చిరి. వారు మన కులమువారు కారు. వారిలో ఒకరిది మన మతమును కాదు. కుమారుడు అమెరికాలో నుండెను. అచ్చటి తూర్పుతీరమున అప్పుడు రాత్రి రెండున్నర గంటలు. దుకాణపు కుఱ్ఱవాడొకడు తన ఫోనునందు ఆ కుమారునికి అంతయు కనబడునట్లు, చితి వఱకును చేయి దింపక పట్టుకొని నడచెను. ఆ దినమున సెల్‌ఫోను చేసిన మేలును, చేయలేని పనియు రెండును మేము ఒక్కచోటనే చూచితిమి.

మన పెద్దల కాలమున చావు కబురు కార్డుపై వచ్చెడిది. చదివినవాడు దానిని చింపి పారవేసి, స్నానము చేయనిదే ఇంటిలోని కడుగిడడు. ఇప్పటివారు దానిని మూఢాచారమని నవ్వవచ్చును. కాని ఆ కార్డు చదివినవానిని లేపి నూతి దగ్గఱకు నడిపించెడిది. లేచినవాడు అటునుండి అటే బయలుదేరెడివాడు. నేటి వార్త మన బొటనవ్రేలిని మాత్రము కదలించుచున్నది.

శుభకార్యపు పిలుపు సంగతియు విచారింతము. శుభలేఖకు నాలుగు మూలల పసుపు రాచినంతమాత్రమున పిలిచినట్లు కాదు. ఆడవారు గడపకు వచ్చి బొట్టు పెట్టవలెను. బొట్టు పెట్టి పిలువలేదని పెండ్లికి పోక మూడు తరములు మాటలు మానిన కుటుంబములను మే మెఱుగుదుము. అట్టి పట్టుదల మెచ్చదగినది కాదు. ఐనను పిలువవచ్చినవారు ఊరక బొట్టు పెట్టి పోరు. కూర్చుందురు. మజ్జిగ త్రాగుదురు. మంచము పట్టిన ముసలివారిని పలుకరింతురు. కొట్టమున పశువు లేకుండుట చూతురు. బడి వేళ ఇంటనున్న పిల్లను చూచి కారణ మడుగుదురు. జనాభా లెక్కలవారికి చెప్పని సంగతులు పిలుపునకు వచ్చినవారికి కనబడును.

ఇది ఊహ కాదు. మూడేండ్ల క్రిందట ఈ సమ్మేళనమునకే పిలువబోయిన మన కార్యకర్తలు ఒక పల్లెలో భర్తను గోలుపోయిన యొక సోదరి యింటికి పోయిరి. ఆమె యొద్ద మీటలు గల చిన్న ఫోను తప్ప లేదు; అందులో వాట్సాప్ రాదు. కుమార్తె ఇంటర్మీడియట్ పరీక్షలో మంచి మార్కులతో తేఱి, ఫీజు లేక మిరపకోతకు పోవుచుండెను. మన విద్యార్థివేతనముల ప్రకటన గ్రూపునందు అప్పటికి నాలుగుసార్లు వెలువడి యుండెను. గడువు ఇంకను ఆరు దినములే. ఆ బాలిక ఇప్పుడు నర్సింగు మూడవయేడు చదువుచున్నది. ఆ దినమున కార్యకర్తల ఆటోకైన కిరాయి కోశాధికారి గారి పుస్తకమున పిలుపు ఖర్చు క్రింద వ్రాయబడి యున్నది. దానిని ఏ పద్దున వ్రాయవలసి యుండెనో సభ్యులే నిర్ణయింతురు గాక.

ఇంకొక మాట. కులసంఘపు వేదికపై ఇది కొందఱికి రుచింపకపోవచ్చును. ఈ యంత్రము దూరమున నున్న మనవారిని దగ్గఱ చేసినది; సంతోషమే. డల్లాసునందలి మనవాడు, బెంగుళూరునందలి మనవాడు, మండపేటలోని మనవాడు ఒక్క గ్రూపున నున్నారు. కాని దినమంతయు మనవారి మాటలే వినుచు, మనవారి గొప్పలే చదువుచు, ఇతరులపై ఎవరో వ్రాసిన చెడుమాటలను ముందువెనుక లరయక త్రిప్పుచు నుండుటచే, గోడ కావలనున్నవాని పేరు మనకు తెలియకపోవుచున్నది. పి.పి. నంబరు నాటి పొరుగువానిని మన మెంచుకొనలేదు. ఫోను మనకు చూపినది. గ్రూపులోనివారిని మనమే ఎంచుకొంటిమి. ఎంచుకొన్నవారు వేయిమంది యుండగా, నాలుగవ భుజము ఎంచుకొననివాడే యిచ్చెను. ఈ సంగతిని మోటారు దుకాణమువారికి కృతజ్ఞతగా సంచిక యందు అచ్చు వేయుడని సంపాదకులను కోరితిమి. వారు అంగీకరించిరి.

కావున రేపటి తీర్మానమునకు మేము ఒక సవరణ ప్రతిపాదింతుము. సందేశము గ్రూపునందు పెట్టుడు. అందులకు మా ఆక్షేపణ లేదు. అచ్చుపత్రములను సగమునకు తగ్గింపుడు. రంగుల కాగితము అసలే వలదు. ఇండ్లకు పోవుట మాత్రము మానరాదు. అన్ని యిండ్లకును పోజాలమనుట నిజము గనుక క్రమ మొకటి యేర్పఱుపవలెను. స్మార్టుఫోను లేని యిండ్లు మొదట. డెబ్బది దాటి ఒంటరిగా నున్నవారి యిండ్లు పిమ్మట. ఆ సంవత్సరమున చావు జరిగిన యిండ్లు తరువాత. మిగిలినవారికి సందేశము చాలును. వారెట్లును ఫోను చూచుచునే యుందురు. పోయినవారు పిలుపుతోపాటు ఆ యింట బడి మానిన పిల్లలున్నారా, మందులు కొననివారున్నారా యని ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని రావలెను. ఫోనులోనే వ్రాసికొన్నను మాకు సమ్మతమే.

ఒక్క మనిషి రెండు గ్రామములు వహించినచో ఈ పని పదునైదు దినములలో ముగియును. జాబితా భోజనశాల ముందు బల్లపై నున్నది. మా పేరు మొదట వ్రాసితిమి. మేము కోరిన గ్రామములలో ఒకదానికి బస్సు కలదు. రెండవదానికి బస్సు ఆగిపోయి రెండేండ్లైనది. మోకాలి నొప్పిచే నాలుగు మైళ్లు నడువజాలము. మోటారుసైకిలు గల యువకులెవరైన కలసివచ్చినచో మంచిది. భోజనానంతరము వచ్చి మమ్ము కలిసికొనవలెను. ఫోను చేయ నక్కఱలేదు, పందిటిలోనే యుందుము.